ఉప్పు వెయ్యలేదు

గుణుపురం సంతలో సవర ముసలమ్మ
మానతో కొలిచి పోసిన వలిసెలు.
చాటలో చెరిగితే గుప్పెడు ఇసక,
వంశధారదే కాబోలు.

ముందు గుమ్మడిగింజలు. మూకుట్లో
పొట్టలుబ్బి పక్కకి దొర్లేయి.
నువ్వులు చిటపటా నా మీదకే ఎగిరేయి.
వలిసెలు ఆఖర్న.
వాటికి మంటక్కర్లేదు,
దించేసిన మూకుటి వేడి చాలు.
ఇంకాస్త ఉంచితే చేదు.
మాటలు లేక మూడ్రోజులు.

ఎండుమిరప, వెల్లుల్లి కచ్చాపచ్చాగా నలిపి
పఖాళ అన్నం మీద చల్లేను.
దండాసి తలెత్తకుండా తిన్నాడు.
కరకర. కరకర.
గోడమీద బల్లి కూడా ఊరుకుంది.

ఆఖరి ముద్ద చేతిలో ఉండగా
"ఉప్పెయ్యడం మర్సిపోనావేటి?" అన్నాడు.

మర్సిపోలేదు.
ఉప్పు డబ్బా పొద్దున్నించీ
నా కొంగు కిందే ఉంది.