వీపు వెనకాల దారి

అచ్చంపేట డిపోల ఇరవై ఆరేండ్లు కండక్టరుగ చేసిన.
శ్రీశైలం సర్వీసు. ఈ ఘాటు ఎన్నిసార్లు ఎక్కిననో
లెక్కజేస్తే రిజిస్టరే అలిసిపోవాలె.
కని దారిని చూడలే.
అది ఎప్పుడూ నా వీపు వెనకాలే ఉండేది,
మొఖం ముంగట మంది, చేతిల టికెట్లు, చంకల సంచి.
మూలమలుపు అంటే నాకు
ఎడమకాలు బిగవట్టుడు, కుడిమోకాలు సీటుకు ఆనిచ్చుడు,
కిటికీ కాడ ఎవరో తల్లి పిల్లదాని తల బయటికి వంచుడు.
అంతే.

రిటైరైన మూడో నెల
"నడువన్నా, సైకిళ్ళ మీద పోదాం" అన్నడు సిలార్.
డిపోల ఇంజన్ల కింద పండి పండి
ఆకాశమంటే నూనె కారే ఇనుమనుకున్న మనిషి.
నా పాత సైకిలుకు వెనక పండ్లచక్రం పెద్దదేసిండు,
బ్రేకు రబ్బర్లు మార్చిండు,
క్యారియరుకు రెండు యూరియా సంచులు కుట్టి వేలాడేసిండు:
ఒకదాంట్ల సద్ది, గొంగడి,
ఇంకోదాంట్ల పంపు, రెండు ట్యూబులు, గరుకు కాయితం.

హాజీపూర్ దాటంగనే నేల లేచి నిలబడ్డది.
మొదటి మలుపుల నా ఊపిరి
మా డొక్కు బస్సు ఫస్టు గేరు లెక్క మూల్గింది.
సిగ్గయింది. ఆ బస్సును ఎన్ని తిట్లు తిట్టిన!

రెండో మలుపుకు చిత్రం.
కండ్లు చూడకముందే కాలుకు తెలిసింది,
ఎడమది దానంతటదే బిగుసుకున్నది.
మూడోది, నాలుగోది, ఇగ అన్నీ
కాళ్ళల్లనే రాసిపెట్టి ఉన్నయి,
చదువుడే ఇన్నేండ్లకు మొదలైంది.
ఈడ తపసిచెట్టు ఆకులన్ని ఇడిసి
సున్నమేసిన గోడ లెక్క నిలబడతదని తెల్వదు.
బండ మీద నీళ్ళు జారిన నల్లచార తెల్వదు.
అడవికి వాసన ఉంటదని తెల్వదు.
నాకు తెలిసిన ఘాటు వాసన
డీజిలు, నిమ్మకాయ, కక్కు.

మన్ననూరు చెక్‌పోస్టుల గార్డు సంచులు దులిపి
ప్లాస్టిక్ సీసా గుంజుకున్నడు.
"ఈ వయసుల ఏం పని మీకు ఈ అడివిల?"
సిలార్ ఇగిలిచ్చి
"టికెట్ లేకుంట పోతున్నం సార్" అన్నడు.

పని ఉన్నది, నిజానికి.
వటువర్లపల్లిల నిమ్మల ఈదమ్మకు ఏడు రూపాయలు బాకీ.
టికెట్ వెనక రాసిచ్చిన చిల్లర.
పసిదాన్ని చంకనేసుకోని ఆమె దిగింది,
నేను రైట్ రైట్ అన్న.
వెనక అద్దంల నుంచి కనవడ్డది:
టికెటు మీదికెత్తి పట్టుకోని, రోడ్డు మీద.
బస్సు ఆపలే. అప్పటికే లేటు.
పదకొండేండ్లు ఆ చెయ్యి దిగలే.

ఇల్లు అడిగితే పిలగాండ్లు చూపిచ్చిన్రు.
ఆమె నన్ను చూడలే, సైకిలును చూసింది,
మీదికీ కిందికీ.
"బస్సు చెడిపోయిందా?" అన్నది.
చెప్పిన. యాదికి లేదన్నది.
పది కాగితం చేతిల పెడితే
లోపలికి పోయి, డబ్బాలన్ని కదిలిచ్చి,
మూడు రూపాయలు తిరిగిచ్చింది.

దోమలపెంట దాటినంక ఇగ దిగుడే.
రబ్బరు కాలిన వాసన, చెవులల్ల గాలి,
కోతులు సుత తప్పుకున్నయి.
ఆనకట్ట కింది వంతెన మీద ఆగినం.
జొన్నరొట్టెను రెండుచేతుల తుంచితే
మధ్యల ఎంత సందు, ఎట్లాంటి అంచు,
అట్ల ఉన్నయి గుట్టలు.
అడుగున కృష్ణ. నీళ్ళు తక్కువ.
బండ మీద ఎవరిదో పుట్టి బోర్లేసి ఉన్నది,
నల్లగ, బొత్తం అంత.

ఇంత లోతు మీదికెల్లి ఇన్నేండ్లు
చిల్లర లెక్కవెట్టుకుంట దాటిన.

సిలార్ పిక్కలు పిసుక్కుంట మీదికి చూసిండు.
"దిగింది మంచిగనే ఉన్నదన్నా.
రేపు ఇదంత ఎక్కాలె."
నేను జేబుల చెయ్యి పెట్టి
మూడు రూపాయలు కదిపిన.