మూడు నిమిషాలు

మనిషికి మూడు నిమిషాలు.
ఒహైయోలో, మా ఊరి కౌన్సిల్ హాల్లో
పచ్చదీపం, పసుపుదీపం, ఎర్రదీపం.
ఆ మీట నొక్కే ఉద్యోగం నాది.

ఆ రాత్రి నూటపదకొండు మంది పేర్లు రాయించుకున్నారు.

తుపాకుల కొట్టు హాకెట్
తాత ఇచ్చిన రైఫిల్ గురించి చెప్పాడు, జింకల గురించి.
రాజ్యాంగం దగ్గరికి వచ్చేసరికి ఎరుపు.
సగం మంది చప్పట్లు. సగం మంది చేతులు కట్టుకున్నారు.
ఒక టీచరమ్మ కాగితం తెచ్చుకుంది,
కళ్ళజోడు మరిచిపోయింది.
వెనక వరసలో ఎవరో తమది ఇచ్చారు, అతకలేదు.
అదీ నిమిషాల్లోకే వచ్చింది.

సార్జెంట్ ప్రూయిట్
"ఆదేశం కోసం ఆగాం" అన్నాడు.
పదిహేడు మందిమి ఉన్నాం, డాలుంది, ఆదేశం రాలేదు.
ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.
వాటినేం చేసుకోవాలో తెలీనట్టు
దీపం వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఎమర్జెన్సీ ఫోన్లెత్తే లొరెట్టా
ఏమీ వాదించలేదు. లాగ్ బుక్కు చదివింది.
పదకొండూ నాలుగు: పాప, గుసగుస.
పదకొండూ తొమ్మిది: అదే పాప. పోలీసులొచ్చారా అని.
వచ్చారమ్మా, బయటే ఉన్నారు, అన్నాను.
పదకొండూ పద్దెనిమిది: అదే పాప.
బయటే ఉంటే లోపలికి రారేం, అని.

పసుపు.

పదకొండూ ఇరవయ్యారు...
అక్కడ ఆగి మంచినీళ్ళు తాగింది.

మీట మీద నా వేలుంది.
పందొమ్మిదేళ్ళుగా ఒక్క క్షణం ఎవరికీ ఎక్కువివ్వలేదు,
మేయరు భార్యకైనా సరే.
అధ్యక్షుడి వైపు చూశాను.
ఆయన తలూపాడు.

ఆదేశం వచ్చింది.
నొక్కాను.
తర్వాతి పేరు పిలిచాను, తప్పుగా పలికాను.