చేబదులు

మకుర్డీలో కరెంటు పోయిన మధ్యాహ్నం
దోసూర్ సోయా వేళ్లు కడుగుతోంది.
ఒక కుండీలో మట్టిని
నూనె డ్రమ్ములో ఆవిరి పట్టి చంపింది తనే.
రెండో కుండీలో ఆ చచ్చిన మట్టికే
గ్బోకో దగ్గర అమ్మ చేలోంచి తెచ్చిన
గుప్పెడు బతికున్న మన్ను కలిపింది.

నలభై అయిదో రోజు.
మొదటి మొక్క నల్లపచ్చగా గిడసబారింది.
రెండోది కాయ కట్టే తొందరలో ఉంది.

కిరసనాయిలు స్టవ్ మీద
వెనిగర్లో, పెన్ను సిరాలో వేళ్లు ఉడికించి
కిటికీ ఎండను అద్దంతో పైకి తిప్పి
కన్ను ఆనించింది:

కణంలో ఒక చెట్టు.
నీలం చెట్టు. ఆకుల్లేవు, అన్నీ కొమ్మలే.
దాని దారాలు వేరు దాటి
వేరుకు చేయందని సందుల్లోకి దూరి
ఎర్రమట్టి బిగపట్టుకున్న భాస్వరాన్ని
నలుసు నలుసుగా మోసుకొచ్చి దించుతాయి.
ఆకు వండిన తీపి కొంత పుచ్చుకుంటాయి.
నోటు లేదు, సాక్షి లేదు.

మూలన మూడో కుండీ ఉంది.
దానికి ఎరువు దోసిళ్లతో పోసింది.
మొక్క ఏపుగానే ఉంది.
వేరు కోసి చూస్తే, గదులన్నీ ఖాళీ.
కడుపు నిండినవాడి గడపకు
చేబదులు మనిషి రాడు.

"బస్తా కొనమంటావా, వద్దంటావా?
ఒక్క మాటలో చెప్పు," ఫోన్లో అమ్మ.
ఒక్క మాటలో ఎలా చెప్పడం?
"సగం కొను. దున్నడం తగ్గించు."
"సగం బస్తా ఎవరమ్ముతారే!
ఇవెరెన్‌ను అడుగుతాను, చెరిసగం.
పోయినేడు నా గింజలు రెండు గిన్నెలు
ఇంకా ఇవ్వనే లేదు ఆవిడ."

దోసూర్ నవ్వింది.
నీలం వేళ్లతోనే
నోటుపుస్తకంలో అరవై ఒకటి అని రాసి
శాతం గుర్తు మర్చిపోయింది.