టేపు చివర

నేను కొలిచేవాణ్ణి కాను,
టేపు చివర పట్టుకునేవాణ్ణి.
అటువైపు ఇంజినీరు గారు నిలబడి అంకె చదువుతారు.
ఇటువైపు నేను
గోడకి బొటనవేలు అదిమిపెట్టి
సున్నా జారిపోకుండా కాస్తాను.

నిజానికి మా టేపుకి సున్నా లేదు.
మొదటి మూడంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి.
వచ్చినదాంట్లోంచి మూడు తీసేసి రాసుకుంటారాయన.
పదకొండేళ్ల నుంచీ
ఆ తీసివేత నాకు నోటిలెక్క.

ఆ మంగళవారం ఆమదాలవలసలో రెండిళ్లు.

పొద్దున్న స్టేషన్ రోడ్డులో రఘుపతి గారిది.
మున్సిపాలిటీలో గుమాస్తా.
ముప్పై ఒక్క అడుగుల పొడవు, ఇరవై నాలుగు వెడల్పు.
కాఫీ ఇచ్చారు.
ఇంజినీరు గారు వేళ్ల కణుపులతో గోడ మీద కొట్టి
"బావుంది" అన్నారు.

మధ్యాహ్నం రెల్లివీధి.
బంగారి అసిరమ్మది. అదే మున్సిపాలిటీ, పర్మనెంటు.
కోడి కూయకముందే
ఆ స్టేషన్ రోడ్డు ఊడ్చేది ఆవిడే.
ఇరవై ఆరేళ్ల సర్వీసు.
జీతం కాగితంలో రఘుపతి గారి కంటే
వెయ్యిన్నూటపది ఎక్కువ.

కొలిచాం.
ముప్పై ఒకటి. ఇరవై నాలుగు.
పొరపాటేమోనని నేనే మళ్లీ పట్టాను.
కాదు.
రెండిళ్లకీ మేస్త్రీ ఒక్కడే, బూర్జ గురువులు.
"ఇసక నాగావళిది, ఇటిక ఒకే బట్టీది బావూ.
ఈయమ్మింటికే నాను
ఓ ఇనప్పుల్ల ఎక్కువేసినాను" అన్నాడు,
తాపీ కడుక్కుంటూ.

అసిరమ్మ కుర్చీ వేసింది.
తుడిచింది. మళ్లీ తుడిచింది.
ఇంజినీరు గారు కూచోలేదు.
మూత విప్పని నీళ్లసీసా తెచ్చింది,
కొట్లో ఇప్పుడే కొన్నదని తెలిసేలా
చల్లటి చెమట ఇంకా ఆరకుండా.
ఆయన వాచీ చూసుకున్నారు.
నేను కుండలో నీళ్లు అడిగి తాగాను.
అది ధైర్యమేం కాదు, ఎండ.

గ్లాసు అందుకుంటూ ఆవిడ టేపు వైపు చూసింది.
"దీనికి మొదలే నేదు కదా నాయినా,
మరెక్కణ్ణించి కొలుత్తారు?"

కారులో ఏసీ వేశాక ఫారం తీశారు.
అందులో ఒక గడి ఉంటుంది: పరిసరాలు.
పొద్దున్న ఆ గడిలో 'ఉత్తమం' అని
చేయి ఎత్తకుండా రాసిన మనిషి
ఇప్పుడు పెన్ను కాసేపు గాలిలో ఉంచి
'తిరిగి అమ్ముట కష్టం' అని రాశారు.

నేను అడగలేదు. ఆయనే చెప్పారు.
చెడ్డవాడు కాదు, మా పాప ఫీజు ఒకసారి కట్టాడు.
"రేపు ఈవిడ బాకీ ఎగ్గొడితే ఆ వీధిలో ఎవడు కొంటాడ్రా?
నేను ధర కట్టేది గోడలకి కాదు,
కొనేవాడి మొహానికి."

పొద్దుటి ఇల్లు ఇరవై ఆరు లక్షలు.
మధ్యాహ్నపు ఇల్లు పద్నాలుగు.
దారంతా లెక్క వేస్తూనే ఉన్నాను,
నోటిలెక్కకి అందలేదు.
మూడంగుళాలు ఇంత ఖరీదా?

బ్యాంకు అడిగినదాంట్లో సగం ఇచ్చిందట.
మిగతా సగానికి ఆవిడ
నూటికి మూడు వడ్డీ చీటీ రాసింది.
శ్లాబు పడింది. మెట్లు పడలేదు.
పైకి ఇప్పటికీ నిచ్చెనే.

ఆవేళ నా కూలి నాలుగొందలు
మడతపెట్టి జేబులో వేసుకున్నాను.
మాదే వీధో ఇంజినీరు గారు ఎప్పుడూ అడగలేదు.
అద్దెకుండే చోటు పేరు చెప్పి
నేనూ నెట్టుకొచ్చాను.

నిన్న బ్యాంకులో నేనూ ఒక ఫారం తెచ్చుకున్నాను.
అత్తారిచ్చిన రెండు సెంట్లున్నాయి, రెండు గదులు చాలు.
పేరు రాశాను. తండ్రి పేరు రాశాను.
ఇంటి నంబరు.
వీధి అన్న గడి దగ్గరికొచ్చేసరికి
పెన్ను కాసేపు
గాలిలో ఆగింది.