నాలుక లేని గడ్డి

దాళ్వా పిలకల మీదుంది.
పెనుమంట్ర దాటాక కాలువ గట్టున
మంచింకా లేవలేదు.
కళ్ళద్దాలు తుడుచుకుంటూ, స్కూటీ ఆపుకుంటూ
ఏసుబాబు చేనికి ఏడింటికి చేరాను.

"అగ్గండి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు.
అగ్గే.
ఆకు మీద నూలుకండెల్లాంటి మచ్చలు,
నడుమ బూడిద, అంచున గోధుమరంగు గీత.
ఎవరో చుట్ట ఆర్పుకుంటూ నడిచి పోయినట్టు
రెండెకరాల కౌలు చేను నిండా.

అతని వేలు మాత్రం చేను వైపు లేదు,
అవతల సూర్రావు కోయించని గట్టు వైపుంది.
మోకాలెత్తు ఊద. దాని ఆకులకీ అవే కండెలు.
"వద్దంటే వినలేదండి. అక్కణ్ణించే దిగింది.
కాగితం మీద రాసిచ్చెయ్యండి,
పెద్దమనుషుల్లో పెడతాను."

కలుపు తీస్తున్న దీవెనమ్మ నడుమెత్తింది.
రెండు మొక్కలు నా అరచేతిలో పెట్టి
"ఏది వరో చెప్పండి, సూద్దాం" అంది.
ఆరేళ్ళ చదువు తడబడింది.
ఆకూ తొడుగూ కలిసే చోట గోటితో విప్పి చూపించింది:
పల్చటి తెల్లపొర, చీమ రెక్కంత.
"వరికి నాలికుంటాదండి. ఊదకుండదు.
నాలిక లేందాని మీద ఏదైనా సెప్పొచ్చు."

రెండు కవర్లు. ఒకదాని మీద వరి, ఒకదాని మీద ఊద.
ల్యాబులో ముక్కలు కోసి, మందునీళ్ళలో ముంచి,
తడి అద్దుడు కాగితం మీద పడుకోబెట్టాను.
మూడో పొద్దున లెన్సు కింద
మచ్చ మచ్చకీ నూగు లేచింది.
బేరిపండు లాంటి గింజలు,
లోపల రెండు అడ్డుగోడలు, మూడు గదులు.
వరి మీదా అవే. ఊద మీదా అవే.
పెన్ను మూత తీశాను కూడా.

వసుంధర మేడమ్ నా భుజం మీంచి చూసి
"మొహం చూసి కేసు కట్టకు, అంటించి చూడు"
అని టీకి వెళ్ళిపోయింది.

వరినారు కుండీలు మూడు వరసలు.
మొదటి దానికి వరి బూజు, రెండో దానికి ఊద బూజు,
మూడో దానికి ఉత్త నీళ్ళు.
పక్కన ఊద కుండీలు నాలుగు, వాటికీ ఊద బూజే.
సాయంత్రం పిచికారీ చేసి పాలిథిన్ కప్పాను,
పురిటి గదికి తెర కట్టినట్టు.
రోజూ ఏసుబాబు ఫోను: "తేలిందాండి?"
అరువు మీద మందు తెచ్చి కొట్టేశాడట.
తేలటం మాత్రం కావాలట.

ఏడో రోజు.
మొదటి వరస మాడింది. మూడోది పచ్చగా ఉంది.
ఊద కుండీల నిండా కండెలే.
నడిమి వరసలో గుండుసూది మొనంత చుక్కలు,
గుమ్మం దాకా వచ్చి చెప్పుల్లోంచే తిరిగిపోయిన చుట్టంలా
అక్కడికక్కడే ఆగిపోయాయి.
మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.
ఇది ఒక్క గట్టు మాట.
అత్తిలి ఊద సంగతి నాకు తెలీదు,
పై ఏటి సంగతీ తెలీదు.

వెళ్ళి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.
"మరి యెవరండి?"
చేను మూల సార్వా గడ్డి కుప్ప నల్లబడి ఉంది.
రెండుసార్లు చల్లిన యూరియా సంచి
దాని మీదే కప్పి ఉంది.
నేనేమీ చూపించలేదు, ఆ వైపు చూశానంతే.
అతనూ చూశాడు.
"ఆయ్" అన్నాడు, ఎవరితోనో.

దీవెనమ్మ ఊద పీకుతూనే ఉంది.
"దాని తప్పు లేదని తేలింది కదా?"
"గడ్డండి అది. పీకితే మూడొందలు."

బండి ఎక్కబోతూ బూట్లు చూసుకున్నాను.
బురద, బురదలో ఆకు తునకలు, వరివో ఊదవో.
ఈ నెల పదకొండు చేలు తిరిగాను.
ఏ చేనిలోంచి ఏ చేనికి ఏం మోశానో
నన్నింతవరకు ఎవరూ అడగలేదు.
కాలువలోకి దిగి కడుక్కున్నాను.
నీళ్ళు దిగువకి పోయాయి.