ఊదా రంగు పోయాక

పొంగిన నదిలో, పడవలో నిలబడి
కాముకాము కొమ్మలు వంచి దులిపింది జొరైదా.
ఆ పులుపుకి ఆమె వేలికొసలు
ఎన్నేళ్లనుంచో పాలిపోయే ఉన్నాయి.

ఇకీటోస్ ల్యాబులో
ఆ రసమే ఒక్క చుక్క వేశాను.
గాజుగొట్టంలో ఊదా రంగు
చూస్తుండగానే పసుపైపోయింది.
తుప్పుని ఆపే గుణం, మెండు
అని రాసుకున్నాను.

ఆదివారం ఆ కాగితం చూపిస్తే
"మరి నా మోకాలో?" అంది.
గాజుగొట్టానికి మోకాళ్లుండవు పిన్నీ,
ఒంట్లోకెళ్లాక ఏం చేస్తుందో
ఇంకా సరిగ్గా తెలీదు.

నవ్వింది.
రేవులో బస్తాలు ఓడెక్కుతున్నాయి
ఏ దేశంలో ఎవరి యవ్వనం కోసమో.
పడవమేకుల తుప్పు గీకడం ఆపి
"తెలిసేదాకా తాగు" అని
గ్లాసు నా చేతిలో పెట్టింది,
చక్కెర లేకుండా.

పళ్లు జివ్వుమన్నాయి.