చివరి గుమ్మం

పగలు నా ఉద్యోగం వంతెన ఎత్తడం.
ఫ్రీస్లాండ్‌లో ఒక కాలువ మీద, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా.
పడవ వస్తుంది, గంట కొడతాను,
రోడ్డు లేచి నిలబడుతుంది.
గాలపు కర్రకు కట్టిన చెక్కబూటు
పడవవాడి చేతిదాకా ఊగుతూ పోతుంది.
రెండు యూరోలు వేసి వెళ్ళిపోతాడు.
లోపలేముందని ఎప్పుడూ అడగలేదు.
ఉల్లిపాయలో, ఇసుకో, పాత పియానోనో.

రాత్రికి నాకింకో వంతెన.
మెట్ల కింద, చీపురు పక్కన,
అట్టపెట్టెంత నల్ల యంత్రం.
ముక్కూమొహం తెలియనివాళ్ళ మాటలు
ఇల్లిల్లూ దాటి, ముసుగు మీద ముసుగు మార్చి,
చివరికి మా గుమ్మంలోంచి లోకంలోకి దిగేవి,
మా చిరునామా తొడుక్కుని.
ఎక్కడో ఒక నర్సు
లెక్కలోకి రాని శవాల గురించి రాస్తోందని ఊహించుకునేవాణ్ణి.
ఊహే. యంత్రానికి కళ్ళు లేవు.
లేకుండా చూసి మరీ పెట్టాను.

మొదట చిన్నవే వచ్చాయి.
బ్యాంకు మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది.
రైలు టికెట్టు కొనబోతే
"మీరు మనిషేనా? సైకిళ్ళున్న బొమ్మలు నొక్కండి" అంది తెర.
రిన్స్కే పదకొండుసార్లు నొక్కి మనిషైంది.
ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఉత్తరాలు:
మీ లైనులోంచి ఎవరో సినిమా దొంగిలించారు,
మీ లైనులోంచి ఎవరో పోర్చుగల్‌లో
ఒక పళ్ళ డాక్టరు తలుపులన్నీ తోసి చూశారు.
అన్నిటికీ ఒకే జవాబు రాసేవాణ్ణి, తేదీ మార్చి.

ఫిబ్రవరి, మంగళవారం, ఆరుకి పది నిమిషాలు తక్కువ.
ఐదుగురు. బూట్ల మంచు దులుపుకునే లోపలికొచ్చారు.
కాగితం మీద నా పేరు, ఒక రాత్రి, రెండు నిమిషాలు,
దాని కింద ఒక మాట.
పిల్లలకు సంబంధించిన మాట.
రిన్స్కే చదివి కూర్చుండిపోయింది.

గుమ్మడికాయల దొంగెవరంటే
దొంగే భుజాలు తడుముకుంటాడని ఎవరన్నారో గాని,
ఆ పొద్దున తడుముకున్నది ఆమె.
అన్నీ తెలిసిన నేను కాఫీ పెట్టాను.

జ్ఞాపకశక్తి ఉన్న ప్రతిదీ పట్టుకెళ్ళారు.
నల్ల యంత్రం, ఫోన్లు, కెమెరా,
పూల డిజైన్ల చిప్పు ఉందని కుట్టుమిషను,
పచ్చికలో పదిహేడేళ్ళుగా ఆమె వెతికి కాపాడిన
తీతువు గూళ్ళ లెక్కలున్న కంప్యూటరు.

"మీ గుమ్మంలోంచి వెళ్ళిందెవరు?" అంది ఇన్‌స్పెక్టరు యిట్స్కే.
తెలీదు.
"రాసిపెట్టుకోలేదా?"
రాసుకుంటే ఇక గుమ్మం దేనికి.
"అంటే, తెలుసుకోకూడదనుకున్నారు."
ఆ వాక్యంలో తప్పు దొరకలేదు.
ఇప్పటికీ వెతుకుతున్నాను.

"చట్టం మీ వైపే ఉంది," అన్నాడు లాయరు బౌకే,
"కాని చట్టం తొమ్మిదికొస్తుంది, పోలీసులు ఆరుకే."
గంటకి రెండువందల ఇరవై యూరోలు.
ఇలాంటివి ఇంట్లో పెట్టరు,
ఏ సంఘం పేరు మీదో, ఊరవతల అద్దె గదిలో పెడతారు,
ఇవన్నీ ముందు చదవలేదా అన్నాడు.
చదివాను.
చదివి కూడా, మా కాలువ లోతు లేదనుకున్నాను.

ఆ వేసవి, చెక్కబూటు ఊపడానికి
ఎప్పటిలా పరుగెత్తుకొచ్చాడు పక్కింటి పిల్లాడు.
వాళ్ళమ్మ కిటికీలోంచి పేరు పెట్టి పిలిచింది.
ఒక్కసారే. గట్టిగా కూడా కాదు.

పద్నాలుగు నెలలకి నాలుగు లైన్ల ఉత్తరం: కేసు మూసేశాం.
క్షమాపణ ఐదో లైనులో ఉండాలి కాబోలు.
కుట్టుమిషను సూది విరిగి వచ్చింది.
గూళ్ళ లెక్కల్లో నాలుగేళ్ళు తెరుచుకోలేదు.
నల్ల యంత్రం మెట్ల కిందే ఉంది, తీగ లేకుండా.

ఈ ఏప్రిల్‌లో మొదటి పడవ,
నీలం టార్పాలిన్ కప్పుకుని.
కిందేముందని అడగాలని నోటిదాకా వచ్చింది.
బూటులో నాణెం పడింది. రోడ్డు మళ్ళీ పడుకుంది.

రాత్రి దీపం ఆర్పాక రిన్స్కే అడిగింది:
"ఆ నర్సు ఏమైందంటావు?"